ఉద్యానవనంలో దుకాణము: పాట, లెక్క, బాధ్యత

ఉద్యానవనమనగానే మనకు చెట్ల నీడ, పచ్చిక, పిల్లల ఊయలలు స్ఫురించును. ద్వారము పక్కన నిలిచి చాయ్ అమ్మెడి మనిషి స్ఫురింపడు. అతడు ఎవరి అనుమతితో అక్కడ నిలిచినాడు, ఆ అనుమతికి ఎంత చెల్లించుచున్నాడు, ఆ సొమ్ము తిరిగి ఎవరి జేబులోనుండి వచ్చుచున్నది అని ఆలోచించువారు అరుదు. చదువు ముగించి ఉద్యోగము కొరకు ఎదురుచూచు మన మిత్రులలో కొందరికి రేపు ఇదియే జీవనోపాధి కావచ్చును. అందుచేత వాణిజ్యశాస్త్ర విద్యార్థులమైన మేము ఈ విషయమును మాకు తెలిసినంత వరకు వివరింపదలచితిమి.

మన ఖానాపూర్ 2018లో గ్రామపంచాయతి నుండి మునిసిపాలిటీగా మారినది. మరుసటి సంవత్సరము వచ్చిన తెలంగాణ మునిసిపాలిటీల చట్టము, ప్రతి పట్టణము తన బడ్జెటులో పది శాతమును పచ్చదనమునకు కేటాయింపవలెనని నిర్దేశించినది. 2020లో ఆరంభమైన పట్టణ ప్రగతి కార్యక్రమముతో చిన్న పట్టణములలో సైతము నర్సరీలు, ప్రకృతి వనములు వెలసినవి. ఒకనాడు పార్కు అన్నచో హైదరాబాదులోని బాగె ఆమ్, ఇందిరా పార్కు మాత్రమే మన పెద్దలకు గుర్తుకు వచ్చెడివి. నేడు అది మన వంటి ఊళ్ల మాట కూడ అయినది. పార్కు ఉన్నచోట జనము చేరుదురు. జనము చేరినచోట చాయ్ కావలెను. చాయ్ అమ్ముటకు పదిమంది ముందుకు వచ్చినచోట పాట తప్పదు.

మన మాటలలో దాగిన చరిత్ర

పాట మనకు కొత్తది కాదు. హర్రాజు, ఇజారా, గుత్త, తైబజారు, ధరావతు వంటి మాటలు ఉర్దూ మాట్లాడు ఇంటిలోను, తెలుగు మాట్లాడు ఇంటిలోను సమానముగా వినిపించును. ఇజారా అనగా కిరాయికి ఇచ్చుట. తైబజారు అనగా బజారు నేలపై కూర్చుండి అమ్ముకొనినందుకు చెల్లించు రుసుము. వారపు అంగడిలో ఈ రుసుమును వసూలు చేయు హక్కునకు పాట పెట్టుట మన ప్రాంతపు పాత అలవాటు.

ఇంతకంటె పెద్ద ఇజారా ఒకటి నిజాం రాజ్యములో ఉండెడిది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగములో భూమిశిస్తు వసూలు హక్కునే గుత్తకు ఇచ్చెడివారు. గుత్తేదారు సర్కారునకు ఒప్పుకొనిన మొత్తమును చెల్లించి, అంతకు మించి రాబట్టినదెల్ల తానే ఉంచుకొనును. గుత్త మొత్తము ఎంత పెరిగినచో రైతు మీద ఒత్తిడి అంత పెరుగును. 1853లో దివాను పదవి చేపట్టిన మొదటి సాలార్ జంగ్ ఈ పద్ధతిని క్రమక్రమముగా తొలగించి, జీతముపై పనిచేయు అధికారులను నియమించి, 1865లో జిల్లాబందీని అమలుపరచినాడు.

ఈ పాత కథను ఇక్కడ చెప్పుటకు కారణము కలదు. పాటలో పలికిన సొమ్ము ఆకాశమునుండి రాలదు. నాడు అది రైతు గాదెనుండి వచ్చినది. నేడు పార్కులో అది పిల్లవాడు కొను ఐస్‌క్రీము ధరనుండియో, పాటదారుని ఇంటి ఖర్చునుండియో రావలసినదే. మా వ్యాసమునకు ఈ ఒక్క మాటయే మూలము.

అనుమతియా, ఆస్తియా?

పాట పాడువాడు మొదట గ్రహింపవలసినది తాను దేనిని కొనుచున్నాడో అను విషయము. పార్కు నేలను అతడు కొనుట లేదు. అనేక సందర్భములలో కౌలునకు తీసికొనుట కూడ లేదు. ఒక నిర్ణీత స్థలములో, నిర్ణీత కాలము, నిర్ణీత వస్తువులను అమ్ముకొనుటకు అనుమతిని మాత్రము పొందుచున్నాడు. న్యాయశాస్త్రములో దీనిని లైసెన్సు అందురు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టములోని 52వ సెక్షను లైసెన్సును నిర్వచించినది. అదే ఏటి ఆస్తి బదలాయింపు చట్టములోని 105వ సెక్షను కౌలును నిర్వచించినది. కౌలుదారునకు స్థలముపై హక్కు కలుగును. లైసెన్సుదారునకు స్థలముపై హక్కు కలుగదు. లైసెన్సు లేనిచో అక్రమమగు పనిని సక్రమముగా చేసికొను వీలు మాత్రమే కలుగును.

కాగితముపై ఏ పేరు వ్రాసినను లోపలి సారమును చూడవలెనని 1959లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పినది. ఢిల్లీలోని ఒక హోటలులో కొన్ని గదులను తీసికొని కేశాలంకరణ వృత్తి నడిపిన వ్యక్తికి సంబంధించిన వివాదమది. పత్రములో లైసెన్సు అని ఉన్నను, ఆ గదులపై అతనికి ప్రత్యేక స్వాధీనము ఉన్నందున అది కౌలేయని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చిరి. కావున సంతకము చేయుటకు ముందు పత్రమును చదువవలెను. గడువు ఎంత, మధ్యలో రద్దు చేయు అధికారము ఎవరిది, ఎన్ని దినముల నోటీసు ఇవ్వవలెను, ధరావతు ఎప్పుడు తిరిగి వచ్చును అను నాలుగు ప్రశ్నలకు అందులో జవాబు దొరకవలెను. దొరకనిచో అడుగవలెను.

పాట సాగు విధము

మొదట ప్రకటన వెలువడును. అందులో స్థలము, కాలము, అర్హతలు, ధరావతు మొత్తము ఉండును. బహిరంగ పాట అయినచో సర్కారువారి పాటతో ఆరంభమగును. అంతకు తక్కువకు ఇవ్వరన్నమాట. సీల్డు టెండరు అయినచో ప్రతివాడును తన మొత్తమును కవరులో పెట్టి ఇచ్చును. ఇతరుల మొత్తము తెరచు వేళ వరకు తెలియదు. బహిరంగ పాటలో పాటదారు పలికిన మొత్తము ఒక ప్రతిపాదన మాత్రమే. మూడవసారి పిలిచి ఖాయము చేయు వరకు దానిని వెనుకకు తీసికొనవచ్చుననునది సామాన్య న్యాయము. అయితే ప్రకటనలోని షరతులు ఈ సౌకర్యమును తగ్గించి, వెనుకకు తగ్గినవాని ధరావతును జప్తు చేయుటకు వీలు కల్పించుచుండును. ఖాయమైన పాటకు పైవారి ఆమోదము కూడ సాధారణముగా అవసరము.

ప్రకటనలోని అర్హతలు పాటదారులనే గాక, పాట పెట్టినవారిని కూడ బంధించును. ఈ సూత్రమును మన దేశములో స్థిరపరచిన తీర్పు ఒక ఫలహారశాల టెండరు మీదనే వచ్చినది. 1977 ఆరంభములో బొంబాయి అంతర్జాతీయ విమానాశ్రయములో ఒక రెండవ తరగతి రెస్టారెంటును, రెండు స్నాక్ బార్లను మూడేండ్ల పాటు నడుపుటకు టెండర్లు పిలిచిరి. టెండరుదారు కనీసము ఐదేండ్ల అనుభవము గల రెండవ తరగతి హోటలు నిర్వాహకుడై ఉండవలెనని షరతు. నెలకు 6,666 రూపాయల 66 పైసలు ఇచ్చెదనన్న వాని టెండరును ఆమోదించిరి. కాని వారి అనుభవము క్యాంటీన్లు నడుపుటలోనిది. వివాదము రమణ దయారాం శెట్టి కేసుగా సుప్రీంకోర్టునకు చేరినది. 1979 మే నెలలో జస్టిస్ భగవతి తీర్పు వ్రాయుచు, ప్రభుత్వ సంస్థ తాను ప్రకటించిన ప్రమాణమును తానే విడనాడరాదనిరి. ఆ షరతు లేదని ముందే తెలిసియున్నచో మరి కొందరు పోటీకి వచ్చియుందురు గదా! అయినను పిటిషనుదారు ఆలస్యముగా వచ్చుట, అతడు నిజమైన పోటీదారు కాకుండుట, గెలిచినవారు అప్పటికే చాల సొమ్ము వెచ్చించియుండుట వంటి కారణములచే కోర్టు ఆ పిటిషనును కొట్టివేసినది. సూత్రము నిలిచినది, పిటిషనుదారు ఓడినాడు. అన్యాయము జరిగినదని తోచినవాడు వెంటనే అడుగవలెనను పాఠము కూడ ఇందులో కలదు.

మేము చూచిన ఒక పాట

ఒక పట్టణములో జరిగిన ఇట్టి పాటను మేము కొందరము చూడబోతిమి. ఆ ఊరి పేరుతో ఇక్కడ పని లేదు. పార్కులోని చాయ్ దుకాణమునకు సర్కారువారి పాట నెలకు 1,500 రూపాయలు. మాకు అన్న వరుసయైన డిగ్రీ చదివిన యువకుడొకడు ఇంటిలోని బంగారమును కుదువపెట్టి ధరావతు కట్టి వచ్చినాడు. రెండు వేలు దాటిన తరువాత పోటీలో ఇద్దరే మిగిలిరి. ఎదుటివాడు చూచి నవ్వెను. మనవాడు రెచ్చిపోయెను. ఐదు వేల వద్ద ఎదుటివాడు చేయి కట్టుకొని కూర్చుండెను. చప్పట్లు మ్రోగినవి.

వానకాలము ముగియకముందే దుకాణము మూతపడినది. ధరావతు పోయినది. బంగారము ఇంటికి రాలేదు. కొన్నాళ్లకు కలిసినప్పుడు అతడు మాతో, "పాట నేను పాడలే తమ్మీ, పంతం పాడింది," అనెను. ఆ మాట విన్న తరువాతనే మేము కాగితము, పెన్సిలు తీసికొని కూర్చుంటిమి.

పెన్సిలుతో చేయవలసిన పని

పాటకు ముందు నాలుగు వారములు పార్కు ద్వారము వద్ద కూర్చుండి, ఉదయము, సాయంత్రము ఎందరు వచ్చుచున్నారో లెక్కింపవలెను. ఈ పనికి పెట్టుబడి అక్కరలేదు, ఓపిక చాలును. ఈ క్రింది అంకెలు మేము ఊహించినవి. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను.

మామూలు దినమున 150 మంది, ఆదివారము 450 మంది వచ్చుదురనుకొందము. ముగ్గురిలో ఒకడు ఏదియో ఒకటి కొనును. సగటున 25 రూపాయలు వెచ్చించును. అప్పుడు మామూలు దినపు అమ్మకము 1,250 రూపాయలు, ఆదివారపు అమ్మకము 3,750 రూపాయలు. నెలలో 26 మామూలు దినములకు 32,500, నాలుగు ఆదివారములకు 15,000, వెరసి 47,500 రూపాయలు. పాలు, చక్కెర, చాయ్‌పత్తా, బిస్కెట్లు, గ్యాసు మొదలగు సరుకులకు సగము పోయినచో 23,750 మిగులును. సహాయకుని జీతము 9,000, విద్యుత్తు, శుభ్రత, మరమ్మతులకు 3,750 తీసివేయగా 11,000 మిగులును. పాట వేళ యువకుని కన్నులలో మెరిసినది ఈ పదకొండు వేలే. ఐదు వేలు కట్టినను ఆరు వేలు మిగులునని అతడు తలచియుండును.

కాని సంవత్సరములో తొమ్మిది నెలలే ఇట్లుండును. మన ప్రాంతములో వానలు పట్టిన మూడు నెలలు పార్కు బురదగా ఉండి అమ్మకము సగమునకు పడినదనుకొందము. అప్పుడు అమ్మకము 23,750, సరుకులు పోగా 11,875. జీతము, ఇతర ఖర్చులు మాత్రము తగ్గక 12,750గానే ఉండును. నెలకు 875 రూపాయలు చేతినుండి పడును. తొమ్మిది నెలల మిగులు 99,000లోనుండి మూడు నెలల నష్టము 2,625 తీసివేయగా ఏడాదికి 96,375 మిగులును. ఇందులోనుండి ఆ మనిషి ఇల్లు గడుపుకొనవలెను. ఎంతో పొదుపుగా నెలకు 6,000 చొప్పున 72,000 తీసికొనినచో మిగిలినది 24,375. అనగా నెలకు 2,000 రూపాయలకు కొంచెము పైన. ఇదియే అతడు పాడదగిన పాట. ఐదు వేలకు పాడినవాడు ఏడాదికి 60,000 కట్టవలెను. లోటు 35,625. ఆ లోటు అతని ఇంటి ఖర్చులో దాదాపు సగమును మ్రింగివేయును. జి.ఎస్.టి. పాట మొత్తములో కలిసియున్నదా, అదనమా అను ప్రశ్న వేరే ఉన్నది.

కావున పాటకు పోవుటకు ముందే ఇంటివద్ద ఒక చీటిమీద పైహద్దును వ్రాసికొని జేబులో పెట్టుకొనవలెను. అక్కడ ఎవరు నవ్వినను, ఎవరు చప్పట్లు కొట్టినను ఆ అంకె మారరాదు.

గెలిచినవాని శాపము

ఈ పొరపాటు మన పల్లె యువకునిది మాత్రమే కాదు. 1971లో అమెరికాలోని ముగ్గురు పెట్రోలియం ఇంజనీర్లు సముద్రపు చమురు క్షేత్రముల పాటలను పరిశీలించి, గెలిచిన కంపెనీలు ఆశించిన లాభమును పొందలేకపోవుచున్నవని వ్రాసిరి. కారణము సులభముగా గ్రహింపవచ్చును. ఒకే వస్తువు విలువను పదిమంది అంచనా వేసినప్పుడు కొందరు తక్కువగాను, కొందరు ఎక్కువగాను వేయుదురు. పాటలో గెలుచువాడు అందరికంటె ఎక్కువగా అంచనా వేసినవాడే. దీనినే గెలిచినవాని శాపమనిరి. పాటల శాస్త్రములో కృషి చేసిన పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

న్యూయార్కు నగరములో పార్కుల శాఖ తినుబండారముల బండ్లకు ఇట్లే టెండర్లు పిలుచును. సెంట్రల్ పార్కు అంచునగల మెట్రొపాలిటన్ మ్యూజియము మెట్ల వద్ద రెండు బండ్లకు ఒక వ్యాపారి సంవత్సరమునకు ఆరు లక్షల డాలర్లకు పైగా ఒప్పుకొనినాడు. అంతలో యుద్ధములలో గాయపడి వికలాంగులైన మాజీ సైనికులు పందొమ్మిదవ శతాబ్దపు రాష్ట్ర చట్టమొకటి తమకు ఇచ్చిన హక్కును చూపి, పాట లేకయే తమ బండ్లను ఆ ప్రక్కనే నిలిపిరి. బాకీలు పేరుకొని 2009లో ఆ వ్యాపారి స్థలమును కోల్పోయినాడు. లోపల ఏకహక్కు ఉన్నదని తలచినవాడు బయటి పోటీని లెక్కింపలేదు.

మనకు కూడ ఇట్టి చట్టము కలదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టము ప్రకారము పట్టణ విక్రయ కమిటీలో నలుబది శాతము సభ్యులు వీధి వ్యాపారుల ప్రతినిధులై ఉండవలెను. ఆ ప్రతినిధులలో మూడవ వంతు స్త్రీలుండవలెను. ధ్రువపత్రము గల వ్యాపారిని తొలగింపవలెనన్నను, వేరొక చోటికి మార్చవలెనన్నను ముప్పది దినముల నోటీసు ఇవ్వవలెను. కావున గేటు బయట మక్కకంకులు కాల్చి అమ్ము అవ్వను తరిమివేయించి లాభము గడింతునను ఆశతో పాట పాడరాదు. ఆమెకును హక్కు కలదు.

దుకాణము నడుపుట

తినుబండారములు అమ్మువాడు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద రిజిస్ట్రేషను పొందవలెను. 2022 జులై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లెములు, చెంచాలు, స్ట్రాలు నిషిద్ధములు. ధరల పట్టికను అందరికి కనబడునట్లు తెలుగులోను, ఉర్దూలోను కట్టవలెను. సాయంత్రము దుకాణము చుట్టు ఊడ్చి చెత్తను అప్పగింపవలెను. కిరాయి చెల్లించిన ప్రతి నెల రసీదును భద్రపరచవలెను. రసీదు లేని చెల్లింపు చెల్లింపు కాదు.

అన్నిటికంటె ముఖ్యముగా అనుమతి ఇచ్చిన హద్దును దాటరాదు. ఈనాడు రెండు కుర్చీలు, రేపు ఒక రేకు కప్పు, ఎల్లుండి ఒక గోడ. ఇట్లే పార్కులు మాయమగును. బెంగుళూరులో పార్కు కొరకు విడిచిన స్థలమును ప్రైవేటు నర్సింగు హోమునకు కేటాయించుట చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. లక్నో అమీనాబాదులోని ఝండేవాలా పార్కు క్రింద భూగర్భ దుకాణ సముదాయము కట్టుటకు నగరపాలక సంస్థ టెండరు పిలువకుండ ఒక నిర్మాణ సంస్థతో ఒప్పందము చేసికొనగా, 1999లో అదే కోర్టు ఆ కట్టడమును తొలగించి పార్కును తిరిగి పార్కుగా చేయవలెనని ఆదేశించినది. పార్కు ప్రజల సొత్తు; పాలక సంస్థ దానికి ధర్మకర్త మాత్రమేయని ఆ తీర్పు సారము. ధర్మకర్తకే లేని అధికారము అతని వద్ద అనుమతి పొందిన చాయ్ దుకాణదారునకు ఎక్కడిది?

పెద్దలకు ఒక మనవి

పాట పెట్టు పెద్దలు కూడ ఈ లెక్కలో భాగస్వాములే. అత్యధిక మొత్తమే ఉత్తమమని తలచుట సులభము. కాని మూడవ నెలలో మూతపడిన దుకాణమువలన ఖజానాకు కిరాయి రాదు, ప్రజలకు చాయ్ దొరకదు, తిరిగి పాట పెట్టు శ్రమ మిగులును. పార్కునకు వచ్చు జనసంఖ్యను ముందుగానే లెక్కించి ప్రకటనలో చేర్చినచో పాటదారులు చీకటిలో రాయి విసరనక్కరలేదు. వానకాలపు నెలలకు కిరాయి తగ్గించినచో, వస్తువుల గరిష్ఠ ధరలను షరతులలోనే నిర్ణయించినచో భారము పిల్లల మీద పడదు. స్త్రీల స్వయం సహాయక సంఘములకు కొన్ని స్థలములను కేటాయించుట కూడ యోచింపదగినది.

మన కళాశాలలకు ఈ మాట దూరపుది కాదు. ఏ కళాశాలలోనైనను క్యాంటీను ఇచ్చుట ఇట్టి పాటయే. అక్కడ పాట పెరిగినచో మధ్యాహ్నము సమోసా కొను విద్యార్థి చెల్లించును, లేనిచో సమోసా చిన్నదగును. కళాశాల కమిటీ పెద్దలు పాట మొత్తముతోపాటు ధరను, నాణ్యమును కూడ తూచవలెనని మా వినయపూర్వకమైన ప్రార్థన. అవసరమైనచో లెక్కించు పనికి వాణిజ్యశాస్త్ర విద్యార్థులము మేము సిద్ధముగా నున్నాము.

మిత్రులారా! మా అన్న వరుస యువకుడు సోమరి కాడు, మోసగాడు కాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు పాలు కాచినవాడు. అతనికి లోపించినది పెన్సిలుతో చేయదగిన ఒక పుట లెక్క. మనలో ఎవరు రేపు పాటకు పోయినను, ఆ పుట వ్రాసికొని పోవలెనని, హద్దు దాటిన వేళ నవ్వుచు చేయి దించి ఇంటికి రాగల ధైర్యము కలిగియుండవలెనని మేము కోరుచున్నాము. ఓడి ఇంటికి వచ్చినవాడు మరియొక పాటకు పోవచ్చును. ఇంటి బంగారమును ఓడినవానికి ఆ అవకాశము కూడ మిగులదు.